చలిలో లంఘనం పరమౌషధం కాదు

‘లంఘనం పరమౌషధం’ అన్న మాటను మన ఇళ్ళలో తరచుగా వింటాము. అది అజీర్ణానికి, ఆమదోషానికి, నవజ్వరానికి వర్తించే మాటే కాని, మంచుకొండలలో వణికే యాత్రికునికి వర్తించేది కాదు. కొన్నేళ్ళ క్రితం బదరీయాత్రలో తోటి యాత్రికురాలు ఒకామె ఏకాదశి అని మంచినీరైనా ముట్టక, సాయంత్రానికి వణుకుతూ కూలబడింది. వేడి బెల్లం నీళ్ళు కొద్దికొద్దిగా త్రాగించిన తరువాతగాని తేరుకోలేదు.

ఇది ఒకరి కథ కాదు. 2013 జూన్‌లో కేదారనాథ్ వరదల వేళ తెలుగువారితో సహా వేలాదిమంది వానలో, చలిలో, చాలినంత తిండి లేక చిక్కుబడ్డారు. అటువంటి ఆపద ఎవరికైనా రావచ్చు.

హేమంతంలో జఠరాగ్ని ప్రబలంగా ఉంటుందనీ, తగిన ఆహారం అందకపోతే అది దేహంలోని రసాన్నే హరిస్తుందనీ చరకుడు హెచ్చరించాడు. ఆధునిక శాస్త్రం చెప్పేదీ దీనికి దూరం కాదు. వణుకు కండరాల శ్రమ. దానికి ఇంధనం కావాలి. ఒళ్ళు వెచ్చబడకుండానే వణుకు ఆగి, మాట తడబడితే అది ఉపశమనం కాదు, ప్రమాద సూచన.

చలిలో దాహం తెలియదు. అయినా ఊపిరి ద్వారా, మూత్రం ద్వారా నీరు పోతూనే ఉంటుంది. కనుక దప్పిక లేకున్నా గోరువెచ్చని నీరు త్రాగాలి. మంచును నేరుగా తినరాదు. ఒక లీటరు నీటికి సరిపడే మంచును కరిగించి ఒంటి వేడికి తేవడానికి దేహం సుమారు 117 కిలోకేలరీలు వ్యయం చేయాలి. మద్యం వెచ్చదనాన్ని భ్రమింపజేసి, ఉన్న వేడిని చర్మం ద్వారా పోగొడుతుంది.

యాత్రకు వెళ్ళేవారు నువ్వుండలు, వేరుసెనగ ఉండలు, బెల్లం, పేలాలు మూటలో ఉంచుకోవాలి. కొంచెం కొంచెంగా, పలుమార్లు తినాలి. నీరు కరువైతే పప్పులు, మాంసం తగ్గించాలి. వాటి మలినాలను విసర్జించడానికి దేహానికి ఎక్కువ నీరు కావాలి. స్పృహ లేనివారి నోట ఏదీ పోయరాదు.

చాలా రోజులు పస్తున్నవారికి ఒక్కసారిగా విందుభోజనం పెట్టడం ప్రాణాపాయకరం. పేయ, విలేపి అంటూ పలుచని జావతో ప్రారంభించి క్రమంగా అన్నానికి రావాలన్న మన సంసర్జన క్రమంలోని వివేకం ఇక్కడ స్మరణీయం. అటువంటివారిని వైద్యుని పర్యవేక్షణలో ఉంచడం తప్పనిసరి.

వ్రతభంగం కాదా అని కొందరు అడుగుతారు. ఏకాదశి పదిహేను రోజులకు మళ్ళీ వస్తుంది. పోయిన ప్రాణం రాదు.