పుష్పకానికి రుజువు అక్కర్లేదు

'వైమానిక శాస్త్రం' అనే సంస్కృత గ్రంథాన్ని భరద్వాజ మహర్షి రాశాడనీ, వేల ఏళ్ల కిందటే మనవాళ్లకు విమానాలు కట్టడం వచ్చుననీ నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2015 జనవరిలో ముంబైలో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో సైతం ఆ వాదన వేదికెక్కింది. అప్పటికి నలభై ఏళ్ల ముందే, 1974లో, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు అయిదుగురు ఆ గ్రంథం సంగతి తేల్చేశారు. తేల్చిన తీరు గమనించదగ్గది. వాళ్లు కొంతసేపు చరిత్రకారుల పని చేశారు. శ్లోకాల భాష వేదకాలానిదేనా, ఈ ప్రతి ఎవరి చేతిమీదుగా మనదాకా వచ్చింది, బొమ్మలు గీసిందెవరు అని ఆరా తీశారు. సుబ్బరాయశాస్త్రి అనే పండితుడు చెబుతుండగా మరొకరు రాసుకున్న శ్లోకాలవి. బొమ్మలు బెంగళూరులోనే ఒక డ్రాఫ్ట్స్‌మన్ గీసినవి. గ్రంథం 1904కు ముందుది కావడానికి వీల్లేదని తేలింది. ఆ తర్వాత తమ సొంత విద్యకు పని చెప్పారు. శకున, సుందర, రుక్మ, త్రిపుర అనే నాలుగు విమానాల ఆకారాలూ కొలతలూ బరువులూ పరిశీలించి, వీటిలో ఒక్కటీ గాల్లోకి లేవదని నిర్ధారించారు.

ఇందులో ఏ ఒక్క పని చేసి ఊరుకున్నా వాదన సగంలో ఆగిపోయేది. ఎగరదని మాత్రమే చెబితే, అసలు ప్రతి ఎక్కడో పోయింది, దొరికింది ఇదీ అంటారు. ప్రాచీనం కాదని మాత్రమే చెబితే, పుస్తకం కొత్తదైతేనేం, విద్య పాతదే అంటారు. రెండు వైపులా తలుపు మూయాలంటే రెండు రకాల చదువూ కావాలి. మా ఉద్దేశంలో మూడో చదువు కూడా కావాలి: కథను కథగా చదివి ఆనందించడం. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని మన పెద్దలు చెప్పుకున్న పుష్పకవిమానం ఎంత గొప్ప ఊహ! దానికి ఇంజిన్లూ కొలతలూ అంటగట్టబోతే అది చిన్నబోతుంది. అద్భుత కథల రుచి తెలిసినవాడు పుష్పకానికి రుజువు అడగడు, రుజువు చూపిస్తామన్నా వద్దంటాడు.

సైన్సు, చరిత్ర, అద్భుత గాథ కలిపి చదవాలని మేం పట్టుబట్టేది అందుకే. సైన్సు పుస్తకంలో ఉన్నదాన్ని మళ్లీ కొలిచి చూసుకోవచ్చు. జరిగిపోయినదాన్ని మళ్లీ జరిపించలేం గనక చరిత్రలో శాసనాన్నీ తాళపత్రాన్నీ నిలదీసి అడగాలి, ఆ సాక్ష్యం ఎవరికి అనుకూలమో కూడా చూడాలి. కథ ఈ రెండు పూచీలూ పడదు. లోకం ఇలాగే ఎందుకుండాలి అని అడిగే చొరవ మాత్రం ఇస్తుంది. ఒక్క రకం పుస్తకాలే చదివేవాడు దేన్ని ఎలా నమ్మాలో తెలియక, కథలో చరిత్రనూ చరిత్రలో సైన్సునూ వెతుక్కుంటాడు.

తెలుగులో ఈ చూపు కొత్తదేమీ కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు మొదలుపెట్టిన విజ్ఞాన చంద్రికా గ్రంథమాల లింకన్ జీవితచరిత్రనూ, ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రాన్నీ, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రనూ, వాటితోపాటు చారిత్రక నవలలనూ అచ్చువేసింది. తర్వాతి కాలంలో విశ్వం పుట్టుక మీద 'విశ్వరూపం', మానవ పరిణామం మీద 'నరావతారం' రాసిన నండూరి రామమోహనరావే పిల్లలకు 'కాంచన ద్వీపం' తెనిగించారు, 'మయూరకన్య' రాశారు. కోట్ల ఏళ్ల విశ్వ చరిత్రను సామాన్య పాఠకుడు విసుగు లేకుండా చదివాడంటే, పిల్లల కథలతో సానబెట్టిన ఆ కలమే కారణమని మా నమ్మకం.

మాంత్రికులూ దయ్యాలూ పిల్లల్లో మూఢనమ్మకాలు పెంచుతాయి కదా అని హేతువాదులైన మిత్రులు అంటారు. ఆ మాటకు కొడవటిగంటి కుటుంబరావు కంటే మంచి జవాబు లేదు. కాశీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదవడానికి వెళ్లినవాడు, భౌతికవాది, సైన్సు మీదా చరిత్ర మీదా విరివిగా వ్యాసాలు రాసినవాడు. ఆయనే 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా 'చందమామ'ను నడిపాడు. అందులోని బేతాళ కథనే దగ్గరగా చూడండి. శవంలోని బేతాళుడు కథ చెప్పి, చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగిలిపోతుంది. ఆ ప్రశ్న దగ్గర చదివే పిల్లవాడూ ఆగుతాడు. తప్పెవరిది, త్యాగమెవరిది అని తనలో తాను తర్కించుకుని, రాజు చెప్పే కారణంతో సరిపోల్చుకుంటాడు, ఒక్కోసారి రాజుతో విభేదిస్తాడు. నెలనెలా దయ్యం నోటితో అలవాటు చేసిన తర్కం అది. నమ్మకం సంగతి వస్తే, శవం మాట్లాడుతుందని బేతాళ కథ చదివి నమ్మిన పిల్లవాడు అరుదు. శాస్త్రం ముసుగు వేసుకున్న కట్టుకథను నమ్మిన పెద్దలు ఎందరో.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. మూడు రకాలూ చదివితే దేంట్లోనూ లోతు రాదని, ప్రవేశ పరీక్షకు చదివే పిల్లకు కథల పుస్తకం ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు. సులభశైలి సైన్సు పుస్తకాలు పది చదివినంత మాత్రాన ఎవరూ శాస్త్రజ్ఞులు కారు, నిజమే. లోతుకు ఏళ్లు ధారపోయాలి. అయితే లోతుకీ విస్తృతికీ పడదనడం మాత్రం తప్పు. గ్రహాల కక్ష్యలు దీర్ఘవృత్తాలని 1609లో ప్రకటించిన యోహాన్ కెప్లర్ 'సోమ్నియం' అనే అద్భుత కథ కూడా రాశాడు. ఆయన చనిపోయాక 1634లో అచ్చయిన ఆ కథలో ఒక భూతం చంద్రలోకాన్ని వర్ణిస్తుంది. అక్కడివాళ్లు తాము కదలకుండా ఉన్నామనీ, ఆకాశంలో కనిపించే భూమే తిరుగుతోందనీ అనుకుంటారు. మనమూ అదే పొరపాటు చేస్తున్నామని భూమ్మీది పాఠకుడికి తోచాలంటే లెక్కలకంటే ఆ కథే దగ్గరి దారి. అక్కడితో వదలలేదు కెప్లర్. ఊహించిన ప్రతి వింతకూ ఆధారమేమిటో వివరిస్తూ, కథకంటే ఎన్నో రెట్లు పొడవైన వివరణలు ఏళ్ల తరబడి తన చేత్తోనే రాసి జోడించాడు.