బూర ఊదినోనికి బంతిలో చోటేదీ?

ప్రొద్దుటూరులో పెళ్లి ఊరేగింపు ముందు బ్యాండు మేళం చూసే ఉంటారు. ఎర్ర కోటు, జరీ టోపీ, చేతిలో ఇత్తడి బూర. ముందర నడిచేది వాళ్లే, బంతిలో ఆఖర్న కూర్చునేదీ వాళ్లే. మా నాయన జమ్మలమడుగు పక్క పల్లెల్లో డప్పు కొట్టినోడు. పెళ్లయినా, జాతరయినా, చావయినా ఆయన లేంది కదిలేది కాదు. ఆయన మాత్రం ఏ ఇంటి వాకిలీ దాటి లోపలికి పోయి ఎరగడు. అందుకే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ చదివితే ఇదేదో అమెరికా ముచ్చట అనిపించలేదు నాకు.

బానిసల మనవడు ఆర్మ్‌స్ట్రాంగ్. 1901 ఆగస్టు 4న న్యూ ఆర్లీన్స్‌లో పుట్టినాడు. తండ్రి వదిలేసి పోయినాడు. పసితనంలోనే బండి మీద బొగ్గు అమ్మినాడు. 1912 డిసెంబరు 31 రాత్రి సంబరంలో పిస్తోలు గాల్లోకి పేల్చినాడని నల్ల పిల్లల సంస్కరణ గృహంలో పెట్టినారు. ఆడ పీటర్ డేవిస్ అనే అయ్యవారు చేతికి కార్నెట్ బూర ఇచ్చినాడు. 1922లో గురువు కింగ్ ఆలివర్ పిలిస్తే చికాగో పోయినాడు. 1925 నుంచి 'హాట్ ఫైవ్' పేరుతో సొంత మేళం కట్టి రికార్డులు చేసినాడు. గుంపులో కలిసిపోయే బూర ముందుకొచ్చి తన సొంత మాట చెప్పడం ఆయనతోనే బలపడింది.

న్యూ ఆర్లీన్స్ నల్లోళ్లు శవం వెంట ఏడుపు పాట, పూడ్చి తిరిగొచ్చేటప్పుడు చిందు పాట వాయిస్తారు. మనకూ చావు దెబ్బ వేరు, పెళ్లి దెబ్బ వేరు. కానీ తేడా చూడండి. ఆడ చచ్చినోడు వాళ్లోడే. వాళ్ల సంఘాలే చందాలేసుకుని మేళం పెట్టుకుండేవి. ఈడ పెద్ద కులపోడు చస్తే మన పేట నుంచి డప్పు పోవాల్సిందే. కూలి ఎంతని అడిగితే తప్పు!

ఆయనకూ అవమానాలు తప్పలేదు. 1931లో మెంఫిస్‌లో తెల్ల మేనేజరు భార్య వాళ్ల బస్సులో కూర్చుందని మేళాన్నంతా లాకప్పులో వేసినారు. వేదికల మీద నవ్వుతాడని, తెల్లోళ్లకు బాకా ఊదుతాడని కుర్ర నల్లోళ్లు ఎత్తిపొడిచినారు. కానీ 1956లో నల్లా తెల్లా కలిసి వాయించకూడదని లూసియానా చట్టం చేస్తే, సొంత ఊరికే 1965 దాకా బూర తీసుకపోలేదు. 1957లో లిటిల్ రాక్ బడిలోకి నల్ల పిల్లల్ని రానియ్యకపోతే, సర్కారు తరఫున రష్యా పోయే పని మానుకుని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌నే కడిగేసినాడు.

డప్పు పారేయాలా, పట్టుకోవాలా అని మన మీటింగుల్లో ఇప్పటికీ తగాదానే. నేను బీ.ఎడ్. పాసైన రోజు మా నాయన డప్పును అటకెక్కించినాడు. ఆయన కడుపుమంట నాకు తెలుసు. 1994లో దండోరా అదే డప్పును ఆత్మగౌరవం జెండాగా ఎత్తింది. రెండూ నిజమే. నా మాటేందంటే, ఆర్మ్‌స్ట్రాంగ్ బూర పారేయలేదు, యాడ ఊదాలో యాడ ఊదకూడదో తానే తేల్చుకున్నాడు. మనం వెలేయాల్సింది డప్పును కాదు, వెట్టిని. ముందే కూలి మాట్లాడాల. బంతిలో అందరితో సమంగా ఆకు వేయకపోతే మేళం లేవాల.

డప్పు కళాకారులకు 2024 నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు, మంచిదే. అది ముసలితనానికి ఆసరా. మరి పిల్లోని చేతిలోని విద్య సంగతేంది?

పులివెందుల దగ్గర నా తొమ్మిదో తరగతి పిల్లోడు ఒకడు, ముహూర్తాల కాలమొస్తే బడికి రాడు, బ్యాండులో బూర ఊదేకి పోతాడు. ఒకరోజు గట్టిగా కసురుకున్నా. వాడు తల వంచుకునే అడిగినాడు: "సార్, బూర నేర్పే బడి యాడుంది సార్?"

ఆర్మ్‌స్ట్రాంగ్‌కు శిక్ష వేసిన చోట కూడా ఒక పీటర్ డేవిస్ ఉండినాడు. మన బళ్లల్లో ఉన్నాడా? డప్పు, బూర నేర్పే అయ్యవారి పోస్టు ప్రతి బడిలో కావాలని మనం ఎప్పుడన్నా అడిగినామా? ఆ పోస్టులో మనోళ్లే కూర్చోవాలని పట్టుబట్టినామా? ఆ పిల్లోనికి నేనింకా జవాబు బాకీ ఉండాను. నా ఒక్కని బాకీ కాదది.