శ్రీమంతం పిలుపు ఎవరెవరికి?

నాలుగు కథలు అచ్చయిన పాపానికి మా వీధిలో కార్డులకు మాటలు రాసిపెట్టే పని నాకు పడింది. పెళ్లి కార్డుతో పేచీ లేదు, దానికో మూస ఉంది. శ్రీమంతం కార్డుతోనే చిక్కు.

అసలు మా కంబదూరు వైపు శ్రీమంతానికి కార్డు అనేదే ఉండేది కాదు. ఇద్దరు ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, బొట్టు పెట్టి, "రేపు మా పాపకు శ్రీమంతం, తప్పకుండా రావల్ల" అని చెప్పి వచ్చేవాళ్లు. ఊళ్లో వాళ్లకు ఇప్పటికీ అదే పిలుపు. కానీ వానల్లేక, పంటల్లేక సగం చుట్టాలు బెంగళూరు చేరితే బొట్టు పెట్టేదెట్లా? అందుకే కార్డు వచ్చింది. కల్యాణదుర్గంలో అచ్చు వేయించేవాళ్లు కొందరైతే, వాట్సాప్‌లో పంపేవాళ్లు ఎక్కువమంది. నోటితో అన్న మాట అంతటితో పోతుంది. రాసిన మాట పదిమంది చేతుల్లోకి వెళ్తుంది.

ఈమధ్య ఒక అత్తగారు, కోడలు వచ్చారు. వేరేవాళ్ల కార్డు ఒకటి తెచ్చి, "పేర్లు మారిస్తే చాలమ్మా" అన్నారు. అందులో "సుమంగళులందరూ విచ్చేసి మా కోడలిని దీవించవలసిందిగా" అని ఉంది. ఆ పిల్లకు తండ్రి లేడు. తల్లి విత్తనానికి బుడ్డలు ఒలిచే కూలికి పోయి, ఆ డబ్బుతో కూతురికి పట్టుచీర కొన్నది. "మరి మీ అమ్మ?" అని అడిగాను. పిల్ల తల వంచుకుంది. "అందరూ రాసేదే కదమ్మా, మేమేం కొత్తగా పెట్టలేదు" అంది అత్తగారు.

చెడ్డ మనిషి కాదామె. అందరూ రాసేదే, నిజం. గృహ్యసూత్రాల్లోనూ ముత్తైదువుల మాట ఉంది, కాదనను. సీమంతం అంటే పాపట. మూడు తెల్ల మచ్చలున్న ముళ్లపంది ముల్లుతో భర్త భార్య పాపట తీయాలని కూడా ఆ సూత్రాల్లోనే ఉంది. ముల్లు ఎప్పుడో పోయింది, ఎవరూ బాధపడలేదు. ఆంక్ష మాత్రం పోలేదు! 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారని పిల్లలకు పాఠం చెబుతాం. కన్నతల్లిని కూతురి శ్రీమంతానికి పిలవడానికి మాత్రం మనకు మాట దొరకదు.

"సుమంగళులందరూ" తీసేసి "ఆత్మీయులందరూ" అని రాశాను. ఆహ్వానించేవారిలో తల్లి పేరు కూడా చేర్చాను. అత్తగారు కాసేపు ఆలోచించి "కానీండి" అంది. కార్డులో పేరైతే పడింది. హారతి వేళకు ఆ తల్లి తనంతట తానే వెనక్కి జరిగి నిలబడింది. అయినా చలిమిడి మాత్రం ఆమె చేతులతోనే కూతురి ఒడిలో పెట్టించారు.

ఇంకో మాట నాకు గిట్టనిది, "వంశోద్ధారకుడు". పుట్టబోయేది ఎవరో తెలియకుండానే ఆడపిల్ల కాకూడదని అచ్చు వేయించడమేమిటండీ? కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం నేరమని 1994లో చట్టం చేశారు. ఆ తర్వాత కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 961 మంది ఉంటే, 2011 నాటికి 939కి తగ్గారు. కార్డులో ఒక్క మాట వల్లే తగ్గారని నేననను. ఆ మాట చదువుతూ కూర్చున్న కోడలికి, ముఖ్యంగా మొదట ఆడపిల్లను కన్న కోడలికి, గుండెలో ఎట్లా ఉంటుందో మనకు తెలియదా? "పండంటి బిడ్డ" అంటే సరిపోతుంది.

ఇక "బేబీ షవర్" సంగతి. షవరంటే జల్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే జిల్లాలో ఉన్నవాళ్లం, జల్లంటే మాకు చేదా! కానీ మా నోట శ్రీమంతం అన్న మాట ఎంత నిండుగా ఉంది? అంగన్‌వాడీల్లో జరిపేవి కూడా సామూహిక శ్రీమంతాలే. బెంగళూరు స్నేహితులకు కావాలంటే ఇంగ్లీషులో వేరే కార్డు వేసుకోండి.

పిల్లలు లేనివాళ్లను పిలవాలా వద్దా అని కూడా అడుగుతుంటారు. పిలవకపోతే నొప్పి, పిలిస్తే మరో నొప్పి. అక్కడ కార్డు పనికిరాదు. ఇంటికి వెళ్లి, "నీకు రావాలనిపిస్తే రామ్మా, రాకపోయినా మనం మనమే" అని చెప్పి, వచ్చేదీ మానేదీ ఆమెకే వదిలేయడం మంచిది.

మొన్న ఇంకొకరికి రాసిచ్చింది ఇది: "మా అమ్మాయికి ఏడో నెల. శుక్రవారం ఉదయం పదింటికి గాజులు తొడిగి ఒడి నింపుతున్నాం. మీరందరూ వచ్చి తల్లినీ బిడ్డనూ చల్లగా ఉండమని దీవించండి. ఓళిగల భోజనం చేసి వెళ్లండి. కానుకలు తేవద్దు." పిలిచేవారిగా రెండు వైపులా తల్లుల పేర్లు, తండ్రుల పేర్లు, అందరికన్నా పైన ఆ అమ్మాయి పేరు. కింద ఒక వరుసలో కల్యాణదుర్గం నుంచి బస్సు వేళలు. చదివి, కానుకల మాట కొట్టేయమన్నారు!