సంపద వచ్చింది, మరి ఆరోగ్యం?

అప్పనపల్లి చుట్టూ ఉన్న కొబ్బరితోటలను, వాటి నడుమ గల్ఫ్ సంపాదనతో లేచిన మేడలను చూసినవారు కోనసీమకు లోటేముందని అడుగుతారు. సంపద పెరిగితే ఆరోగ్యం దాని వెంటే వస్తుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. వైద్యుడిగా నేను దానితో ఏకీభవించలేను.

మన సంపదకు మూలం నీరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ తరువాత గన్నవరం వద్ద వైనతేయపై అక్విడక్టు కట్టి కాలువను నది దాటించారు. ఈ సీమ అన్నపూర్ణ అయింది. అయితే పొలాన్ని తడిపిన కాలువలోనే పశువులను కడిగాము, బట్టలు ఉతికాము, ఆ నీటినే తాగాము. పంటతోపాటు విరేచనాలూ కామెర్లూ వచ్చాయి. నిలిచిన మురుగులో పెరిగిన క్యూలెక్స్ దోమ బోదకాలును పంచింది.

ఇప్పుడు స్వీడన్‌ను చూడండి. నేడు అక్కడ పుట్టే ప్రతి వెయ్యిమంది శిశువులలో ఏడాది లోపు మరణించేవారు సుమారు ఇద్దరు. 18వ శతాబ్దం మధ్యలో వారి సంఖ్య సుమారు 200. ఈ మార్పు ధనంతోనే మొదలైందా? కాదు. 1749లోనే వారు దేశమంతటా జననాలను, మరణాలను, వాటి కారణాలను లెక్కించనారంభించారు. 1816లో మశూచి టీకాను తప్పనిసరి చేశారు. 1842లో ప్రాథమిక విద్యకు చట్టం చేశారు. అక్కడ పరిశ్రమలు ఊపందుకున్నది 1870 తరువాతనే. 1860ల చివరలో కరువు కూడా వచ్చింది. మనవారు గల్ఫ్‌కు వెళ్లినట్లే, లక్షలాది స్వీడన్ ప్రజలు అమెరికాకు వలసపోయారు. అంత పేదరికంలోనూ శిశుమరణాలు అప్పటికే గణనీయంగా తగ్గాయి.

ధనం అక్కరలేదని నా భావం కాదు. మంచినీటి గొట్టాలకు, ఆసుపత్రులకు ధనమే కావాలి. కాని దేనికి ఖర్చుపెట్టాలో చెప్పేది లెక్క. మన దేశంలో నమోదైన మరణాలలో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతుకు లోపే. దేనివల్ల మరణిస్తున్నామో తెలియని సమాజం దేనిని నివారించగలదు?

కాబట్టి పాఠకులను మూడు పనులు కోరుతున్నాను. మేడకు పునాది తీసేముందు మరుగుదొడ్డి గుంతకూ మంచినీటి బోరుకూ మధ్య దూరం కొలవండి. ఇంట్లో మరణం సంభవిస్తే 21 రోజులలోగా నమోదు చేయించి, కారణాన్ని వైద్యునిచేత రాయించండి. గ్రామసభలో రోడ్డు గురించి అడిగినంత గట్టిగా తాగునీటి పరీక్ష ఫలితాన్నీ అడగండి. వీటికి గల్ఫ్ డబ్బు అవసరం లేదు, పట్టుదల చాలు.