ఒక కప్పు క్రింద నాలుగు ప్రార్థనలు

చర్చి మసీదుగా మారినదని వినగానే మనలో కొందరికి గర్వమూ, మరికొందరికి సంకోచమూ కలుగుతుంటాయి. లండన్ తూర్పు భాగంలో, బ్రిక్ లేన్, ఫోర్నియర్ వీధుల మూలన ఉన్న జామె మసీదు కథ తెలిసినవారిలో ఈ రెండు భావాలూ ఎక్కువకాలం నిలువవు.

ఆ కట్టడం 1743లో చర్చిగా వెలసినది. కట్టించినవారు ఆంగ్లేయులు కారు. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ 1685లో మతస్వేచ్ఛను రద్దు చేయగా, దేశం విడిచి వచ్చిన హ్యూగెనాట్లు అనే ప్రొటెస్టెంటుల సంతతివారు. స్పిటల్‌ఫీల్డ్స్ పేటలో పట్టునేత వారి జీవనాధారం. కాలక్రమాన వారు ఆంగ్ల సమాజంలో కలిసిపోయారు. 1809లో యూదులను క్రైస్తవులుగా మార్చుటకై ఏర్పడిన ఒక సంఘం ఆ మందిరాన్ని తీసుకొన్నది. 1819లో అది మెథడిస్టులకు దక్కినది. 1898లోనో, యూదుల సినగాగే అయినది! ఎవరిని మతం మార్చవలెనని ప్రయత్నించారో ఆ జాతివారే, రష్యా సామ్రాజ్యంలోని హింసకు తాళలేక వచ్చి, ఆ గోడల మధ్యనే తోరా పఠించారు. చరిత్ర ఇంతటి చమత్కారం చేయుట అరుదు. యూదులు క్రమంగా ఇతర పేటలకు తరలిపోగా, 1976లో అది మసీదు అయినది. అక్కడ నమాజు చేసేవారిలో అధికులు సిల్హెట్ ప్రాంతం నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలవారు.

ఇన్ని చేతులు మారినా కట్టడం నిలుచుటకు కారణం దాని నిర్మాణంలోనే ఉన్నదని నా అభిప్రాయం. ఇటుక గోడలు, ఎత్తైన కిటికీల వరుసలు, పైన త్రికోణాకారపు గోడ, లోపల విశాలమైన శాల. ఆడంబరం లేదు. కాల్విన్ బోధను అనుసరించిన హ్యూగెనాట్లు ప్రార్థనాస్థలంలో విగ్రహాలను, చిత్రాలను అంగీకరింపరు. యూదులూ అంతే, మనమూ అంతే. అందుచేత తరువాత వచ్చినవారికి విగ్రహాలను తొలగించవలసిన పని లేకపోయినది. పైగా, లండన్ నుంచి చూస్తే యెరూషలేమూ మక్కా కూడా ఆగ్నేయ దిక్కుననే ఉన్నాయి.

ఫోర్నియర్ వీధి వైపు గోడపై ఒక నీడగడియారం ఉన్నది. దానిపై 1743 అనే అంకె, మనమందరమూ నీడలమేనన్న అర్థమిచ్చే రెండు లాటిన్ మాటలు. సినగాగువారు దానిని చెరపలేదు, మసీదువారూ చెరపలేదు. ఈ మందిరం యుద్ధంలో గెలిచినది కాదు. ఒకరు విడిచి వెళ్ళగా మరొకరికి దక్కినది. అట్టి దానిని విజయమని చెప్పుకొనుట నాకు రుచింపదు. ఆ గడియారాన్ని ఉండనిచ్చుటలోనే నాకు ఎక్కువ గౌరవం కనిపిస్తున్నది.

మన ఊళ్ళలో మరమ్మతు అనగానే మొదట సున్నం క్రింద మాయమయ్యేది శాసనమే. కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఊరిలోని పాత మసీదులు, చర్చిలు, ఆలయాలు, సరాయిలపై ఉన్న వ్రాతలను మన విద్యార్థులచేత నకలు చేయించి, ఏటా ఈ సంచికలో కొన్ని పుటలు వాటికి కేటాయించవలెను. ఫారసీ, ఉర్దూ వ్రాతలను ఉర్దూ శాఖవారు చదువుతారు. తెలుగు వ్రాతల బాధ్యత మా శాఖ తీసుకొంటుంది. కొలతలకు టేపు, నకళ్ళకు కాగితం, సెలవుదినాలలో నాలుగు ఉదయాలు చాలును.