పుస్తకం తెరిచి చూపించు నాయనా

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు బెంగళూరు నుంచి మా ఇంటికొచ్చాడు. మేముండేది మైపాడు దగ్గర. చిన్నప్పటి నుంచీ వాడు వచ్చాడంటే సంచి వాకిట్లో పడేసి ముందు సముద్రం దగ్గరికి పరిగెత్తేవాడు. ఈసారి గదిలో దుప్పటి ముసుగేసి పడుకున్నాడు. ఫోను బోర్లా పెట్టేశాడు. అది గుర్రుగుర్రుమంటూనే ఉంది, వాడు చూడడం లేదు.

మూడో రోజు మామిడికాయేసి చేపల పులుసు చేసి, దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను.

"ఏందిరా అబ్బయా, ఎవురితోనన్నా గొడవా?"

"రెండొందల మందితో పెద్దమ్మా" అన్నాడు.

సంగతేమిటంటే, వాడూ ముగ్గురు స్నేహితులూ కలిసి రెండున్నరేళ్లుగా కంప్యూటర్లో ఒక వీడియో గేమ్ తయారు చేశారు. డిసెంబరులో విడుదల చేశారు. మొదటి వారంలో అమ్ముడుపోయినవి అరవై ఒకటి.

ఈ మాట వినగానే మా పక్కింటి వదిన "ఆన్‌లైన్ రమ్మీనా?" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. కాదు. డబ్బు పెట్టి ఆడే రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలన్నింటినీ ఆపుతూ చట్టం తెచ్చింది. మావాడిది రోల్ ప్లేయింగ్ గేమ్. అంటే వీధి భాగోతంలో వేషం కట్టినట్టు, ఆడేవాళ్లే ఒక పాత్ర అయిపోయి కథ నడిపిస్తారు. ఎవరితో ఏం మాట్లాడాలో, ఎటు పోవాలో వాళ్లే ఎంచుకుంటారు. దాన్నిబట్టి కథ మారుతుంది. వీడి ఆటలో బకింగ్‌హాం కాలవ మీద పడవ నడిపే ఇంటి పిల్ల ఉంటుంది. తుఫానులో తప్పిపోయిన నాన్నని వెతుక్కుంటూ కాలవెంట మద్రాసు దాకా పోతుంది. నాకు చూపించాడు. ఉప్పు మడులు, సరుగుడు తోటలు, రాట్నం మీద చేంతాడు, అన్నీ మనవే. చూస్తుంటే ముద్దుగా ఉంది.

మరి రెండొందల మందితో గొడవేమిటి? ఆట తయారు చెయ్యడానికి వాళ్ల దగ్గర డబ్బుల్లేవు. ఒక వెబ్‌సైట్‌లో పెట్టి, "మా ఆట ఇలా ఉంటుంది, ఏడాదిలో ఇస్తాం, సాయం చేయండి" అని అడిగారు. ముక్కూ మొహం తెలియని రెండొందల మంది పైచిలుకు తలా కాస్త వేశారు. మొత్తం ఏడు లక్షల చిల్లర వచ్చింది. దీన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటారట.

పేరు కొత్తది గానీ పద్ధతి మనకు పాతదే. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన 'మంథన్' సినిమాకు గుజరాత్ పాల రైతులు అయిదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేశారు. అంత దూరం ఎందుకు? మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లకు ఈ పని ఒకరు నేర్పాలా? దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం దాకా పోయింది. ఆ ఊపులోనే రోజుకొక రూపాయి పక్కన పెడదామని పొదుపులక్ష్మి సంఘాలు మన జిల్లాలో మొదలయ్యాయి. తలా ఒక రూపాయి కలిస్తే ఏమవుతుందో మన అమ్మలు కళ్లారా చూశారు.

తలా ఒక రూపాయి వేస్తే తలా ఒక ప్రశ్న కూడా వస్తుందని కూడా వాళ్లకు తెలుసు. మావాడు ఇరుక్కున్నది అక్కడే.

ఏడాది అన్నది రెండున్నరేళ్లయింది. వచ్చిన డబ్బులో వెబ్‌సైట్ వాటా, బ్యాంకు ఖర్చులు ముందే పోయాయి. బొమ్మలేసిన అమ్మాయికి, సంగీతం చేసిన కుర్రాడికి, గది అద్దెకు మిగతాది ఏడాదిన్నరకే అయిపోయింది. విడుదలయ్యాక పాత లాప్‌టాపుల్లో ఒక చోట ఆట ఆగిపోతోందట. అంతవరకూ ఆడిందంతా చెరిగిపోయి మళ్లీ మొదటికొస్తోందట. డబ్బు వేసినవాళ్లు మొదట మర్యాదగా అడిగారు, తర్వాత కోపంగా అడిగారు, ఆ తర్వాత "మోసం" అని రాయడం మొదలుపెట్టారు. వీడు ఆరు వారాలుగా ఒక్కరికీ జవాబివ్వలేదు.

"ఏం మొహం పెట్టుకోని రాసేది?" అన్నాడు.

నేను వాడితో చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. ఆట ఆడకపోవడం వాడి తప్పని నేననను. ఆ ఆరు వారాల మౌనం మాత్రం వాడి తప్పే.

ఆట ఎందుకు ఆడలేదో ముందు చెప్తాను. వాడు చెప్పాకే నాకూ అర్థమైంది. కంప్యూటర్ ఆటలకు పెద్ద అంగడి స్టీమ్. 2024లో ఆ ఒక్క అంగట్లోనే 18 వేలకు పైగా కొత్త ఆటలు వచ్చాయి. రోజుకు యాభై! సీజన్‌లో అందరి గుంటల్లో రొయ్య ఒకేసారి దిగితే రేటు ఏమవుతుందో మనకు తెలియంది కాదు. అమ్మిన ప్రతి వంద రూపాయల్లో దాదాపు ముప్పై ఆ అంగడికే పోతుంది. ఇక చందాతో తీసిన ఆటకు ఇంకో చిక్కుంది. మనమంటే ఇష్టపడేవాళ్లందరూ ముందే డబ్బిచ్చేసి ఉంటారు. వాళ్లకు ఆట తెరుచుకునే కోడ్ ఉచితంగా పంపేస్తారు. అంటే విడుదల రోజున అంగడికి రావాల్సింది పూర్తిగా కొత్తవాళ్లే. పైగా ఉచిత కోడ్‌తో ఆడినవాళ్లు ఎంత మంచిగా రాసినా 2016 నుంచి ఆ అంగడి మార్కుల్లో వాటిని లెక్కపెట్టడం లేదు. పెళ్లికి చుట్టాలందరూ ముందురోజే భోంచేసి వెళ్లిపోతే, ముహూర్తానికి పందిరి ఖాళీగా కనబడదూ? అలా అయింది వీడి పని.

వీళ్లకంటే ముందు మన దేశంలో ఈ దారిన నడిచినవాళ్లు ఉన్నారు. పైరోడాక్టిల్ అనే చిన్న సంస్థ 2013లో 'అన్‌రెస్ట్' అనే ఆట కోసం కిక్‌స్టార్టర్‌లో 3 వేల డాలర్లు అడిగితే 36 వేలకు పైగా వచ్చాయి. కరవు పడిన ఒక ప్రాచీన భారత నగరం కథ అది. అందులో తాన్యా అనే పల్లెటూరి పిల్ల ఉంటుంది. ఇంట్లో పెళ్లి కుదురుస్తారు. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆడేవాళ్ల చేతిలో ఉంటుంది. మనింటి కథే కదా! 2014లో విడుదలైంది. మెచ్చినవాళ్లు మెచ్చారు, మరీ చిన్నదిగా ఉందని పెదవి విరిచినవాళ్లు విరిచారు. పన్నెండు రెట్లు చందా వచ్చినంత మాత్రాన పన్నెండు రెట్లు పొగడ్త రాలేదు.

పుణెలో నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లది ఇంకో కథ. తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోయే 'రాజీ' అనే అమ్మాయి సాహసాల ఆట కోసం 2017లో కిక్‌స్టార్టర్‌లో అడిగారు. కావాల్సినంత రాలేదు. అనుకున్న మొత్తం నిండకపోతే అక్కడ ఒక్క పైసా చేతికి రాదు, ఇస్తామన్నవాళ్ల డబ్బు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. వాళ్లలో ఒకాయన తన ఫ్లాటు అమ్మి ఆట నడిపించాడు. 2020లో అది విడుదలై, ఆ ఏడు అంతర్జాతీయ గేమ్ అవార్డుల్లో తొలి ఆటల విభాగంలో నామినేషన్ దాకా వెళ్లింది.

ఈ రెండో కథను మా మరిది చెప్పి, "చూశావా వదినా, పట్టుదలంటే అదీ" అన్నాడు. ఆ పిల్లల పట్టుదలకు నేనూ దణ్ణం పెడతాను. కానీ ఇల్లమ్ముకోవడాన్ని పిల్లలకు నీతికథలాగా చెప్పడం నాకు నచ్చదు. గెలిచారు కాబట్టి ఆ ఫ్లాటు సంగతి మనకు తెలిసింది. అమ్ముకుని ఓడిపోయినవాళ్ల కథ ఎవరు చెప్తారు? రొయ్యల గుంటల్లో దిగి పొలాలు పోగొట్టుకున్నవాళ్లు మన తీరంలో ఎంతమంది లేరు!

ఈ మాట ఊరికే అనడం లేదు. ఆ పులుసు అన్నం తింటూ తింటూ వాడు ఇంకో సంగతి బయటపెట్టాడు. చందా డబ్బు అయిపోయాక మా చెల్లెలు గాజులు నాలుగూ కుదవ పెట్టింది. వాళ్లాయనకు తెలియదు, నాకూ తెలియదు. డబ్బు వేసిన రెండొందల మందికీ తెలియదు. వాళ్ల లెక్కలో వీడు తమ డబ్బు తిని కూర్చున్నవాడు. ఇక్కడేమో వాళ్ల ఆట కోసం ఒక తల్లి చేతులు బోసిపోయి ఉన్నాయి. ఒక్క ఉత్తరం రాసి ఉంటే ఎంత తేడా!

మా సంఘంలో జరిగింది చెప్తాను. కొన్నేళ్ల కిందట మా లీడరమ్మ రెండు నెలలు మీటింగు పెట్టలేదు. ఒకామె కంతు కట్టలేదు, అది చెప్పడానికి ఈమెకు మొహం చెల్లలేదు, అంతే. కానీ ఆ రెండు నెలల్లో ఊళ్లో ఎన్ని మాటలు పుట్టాయో! డబ్బు వడ్డీకి తిప్పుకుంటోందన్నారు, కూతురి పెళ్లికి వాడుకుందన్నారు. చివరికి ఆమె పుస్తకం తెచ్చి అందరి మధ్యలో తెరిచింది. అరగంట అరుచుకున్నాం. ఆ తర్వాత కట్టని ఆమెకు మూడు నెలల గడువిచ్చి, టీ తాగి ఇళ్లకు పోయాం. లోటు అయిదు వేలు. ఆ రెండు నెలల్లో పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏడాది పట్టింది.

పెద్దవాళ్లకూ ఇదే. అమెరికాలో డబుల్ ఫైన్ అనే సంస్థ 2012లో 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలు వచ్చాయి. అంత వచ్చినా సరిపోలేదు. ఆ మాట డబ్బు వేసినవాళ్లకు వాళ్లే రాసి చెప్పారు. ఆటను రెండు ముక్కలు చేసి మొదటి సగం 2014లో, రెండోది 2015లో ఇచ్చారు. తిట్టినవాళ్లు తిట్టారు. ఆట మాత్రం పూర్తయింది.

"చందా అప్పు కాదు కదా, ఆట రాకపోవచ్చని తెలిసే ఇచ్చారు కదా" అని మీలో కొందరు అనొచ్చు. నిజమే. ఇచ్చేవాళ్లూ దాన్ని అంగట్లో కొన్న వస్తువులాగా చూడకూడదు, ఆలస్యమైతే పిల్లల్ని అమ్మానాన్నలతో కలిపి తిట్టకూడదు. కానీ వాళ్లు వదులుకున్నది డబ్బు మీద హక్కు. ఏం జరిగిందో తెలుసుకునే హక్కు వదులుకోలేదు. ఇంట్లో ఆడవాళ్లకూ అంతే. బంగారం ఇవ్వమంటే ఇస్తాం, ఎప్పుడూ ఇస్తూనే ఉన్నాం. కానీ మన గాజులు పెట్టుబడి అయిన చోట లెక్క కూడా మన కళ్లబడాలి. పిల్లాడి మీద ప్రేమ వేరు, పద్దు వేరు. మా చెల్లెలికీ ఈ మాటే చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కనుమ రోజు రాత్రి వాడు నా పక్కనే కూర్చుని రాశాడు. ఎంత వచ్చింది, దేనికెంత పోయింది, ఇంకా ఎంత బాకీ, ఆట ఎక్కడ ఆగిపోతోంది, అది ఎప్పటికి సరిచేస్తారు, అంతా. నెలకొకసారి లెక్క రాస్తానని కూడా. "అమ్మ గాజుల సంగతి రాయొద్దులే పెద్దమ్మా, జాలి కోసం రాసినట్టుంటది" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. ఆ సంగతి మాత్రం వాళ్ల నాన్నకు ఫోన్ చేసి చెప్పించాను.

మర్నాటికి జవాబులొచ్చాయి. పదిహేను మంది డబ్బు వెనక్కి అడిగారు. ఇద్దరు ఇంకా ఘాటుగా తిట్టారు. ఒకాయన మాత్రం తన పాత లాప్‌టాప్‌లో ఆట ఏ మెట్టు మీద ఆగుతోందో వీడియో తీసి పంపాడు. ఆ వీడియో చూశాకే తప్పు ఎక్కడుందో వీళ్లకు దొరికింది.

ఆట ఇప్పటికీ పెద్దగా అమ్మడం లేదు. మావాడు మార్చి నుంచి ఒక ఉద్యోగంలో చేరుతున్నాడు, ఆట పని రాత్రిళ్లు చేస్తానంటున్నాడు. మొదటి జీతం గాజుల వడ్డీకని వాళ్లమ్మకు రాసిచ్చాడు. మీ ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలుంటే "ఎన్ని అమ్ముడుపోయాయి?" అని తర్వాత అడగండి. ముందు "ఇచ్చినవాళ్లకు చెప్పావా?" అని అడగండి.

ఊరికి పోయేముందు వాడు సముద్రం దగ్గరికి వెళ్లొచ్చాడు. కాళ్లకు ఇసకతోనే ఇల్లంతా తిరిగాడు. ఆ రోజు నేనేమీ అనలేదు.