డిశ్చార్జి చీటీలో లేని చిరునామా

డీ-అడిక్షన్ కేంద్రం నుంచి మనిషిని ఇంటికి తెచ్చుకున్న రోజు ఇంట్లో పండగలా ఉంటుంది. మొహం తేటపడుతుంది, చేతుల వణుకు తగ్గుతుంది, ఆకలేస్తోందని అడిగి మరీ పెట్టించుకుంటాడు. డిశ్చార్జి చీటీలో మాత్రల పేర్లుంటాయి, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో ఉంటుంది. ఇన్నేళ్లూ సీసా ముందు కూర్చున్న ఆ సాయంత్రం ఏడు గంటల వేళ ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలో మాత్రం ఉండదు. చాలామంది మళ్లీ జారేది ఆ వేళలోనే.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో 3,396 మద్యం దుకాణాలను లాటరీ తీసి ప్రైవేటువారికి ఇచ్చారు. దరఖాస్తు రుసుముల మీదే ఖజానాకు దాదాపు 1,800 కోట్ల రూపాయలు వచ్చాయి. మరుసటి ఏడాది తెలంగాణలో 2,620 దుకాణాలకు ఇలాగే లాటరీ తీశారు. దుకాణం ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు. మానేయాలనుకునేవాళ్లు కూర్చునే చోటు ఎక్కడుందంటే చెప్పేవారే తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21)లో పదిహేనేళ్లు దాటిన మగవారిలో తెలంగాణలో 43 శాతం, ఏపీలో 23 శాతం మంది తాగుతామని చెప్పారు. కేంద్రం కోసం ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేది 180 మందిలో ఒక్కరే.

ఆ ఒక్కరికైనా ఆసుపత్రిలో జరిగేది మొదటి అంకమే. ఒంట్లోంచి మద్యం ప్రభావం పోవడానికి రోజులు చాలు. అలవాటు పోవడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఈ మిగతా కాలానికి పైసా ఖర్చు లేకుండా దొరికే సాయం ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని యాక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జన్ దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో నలిగినవాళ్లే. మన దేశానికి 1957లో వచ్చింది. హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి నగరాల్లో సమావేశాలు జరుగుతుంటాయి.

లోపల ఏం జరుగుతుందంటే, పెద్దగా ఏమీ జరగదు. పదిమంది ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు. ఒకరు తన కథ చెబుతారు, మిగతావాళ్లు మధ్యలో అడ్డురారు, సలహాలివ్వరు. ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. ఫీజు లేదు, ఇష్టమైనవారు కొంత వేస్తే గది అద్దెకు, టీకి సరిపోతుంది. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. కొత్తగా వచ్చినవారికి పాతవారిలో ఒకరు తోడుగా ఉంటారు. తాగాలనిపించిన రాత్రి ఫోన్ చేస్తే ఎత్తేది ఆయనే. ‘ఇంకోసారి తాగితే చూడు’ అని బెదిరించే బంధువుకూ, ‘నాకూ నిన్న ఇలాగే అనిపించింది’ అనే మనిషికీ ఉన్న తేడా అక్కడ తెలుస్తుంది.

ఇది నమ్మకం మీద మాత్రమే నడిచే వ్యవహారం కాదు. కాక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను, పది వేలకు పైగా మంది వివరాలను పరిశీలించింది. ఈ గుంపుల్లోకి రోగిని ఒక పద్ధతిగా చేర్పించే చికిత్సలు, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఇతర కౌన్సెలింగుల కంటే మెరుగ్గా పనిచేశాయని తేలింది. అందరికీ పనిచేస్తుందని దాని అర్థం కాదు. దేవుడి ప్రస్తావన కొందరికి ఇబ్బంది. కొన్ని సమావేశాలు చర్చి హాళ్లలో జరుగుతాయి కాబట్టి మతం మార్పిస్తారేమోనని మరికొన్ని ఇళ్లలో భయం. హాలు అద్దెకు తీసుకున్నదే, సంస్థ ఏ మతానికీ చెందినది కాదు.

అసలు అడ్డంకి పరువు. ‘ఎవరైనా చూస్తే? పిల్ల పెళ్లికి ఉంది’ అంటారు. తాగి గేటు దగ్గర పడిపోయినప్పుడు వీధంతా చూడనే చూసింది. ఆ పరువు కోసమే పేపర్లో ప్రకటన చూసి, తెలియకుండా కూరలో కలిపే పొడి తెప్పిస్తారు. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉంటే, దానిమీద మద్యం పడినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రోగికి చెప్పకుండా, డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఇవ్వకూడని మందు అది.

సమావేశం వైద్యానికి బదులు కాదన్నదీ గుర్తుంచుకోవాలి. రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నపళంగా మానేస్తే రెండు మూడు రోజుల్లో మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు. ముందు డాక్టరు, తర్వాత సమావేశం. ఎవరిని అడగాలో తెలియకపోతే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు, తెలుగులో మాట్లాడే టెలి-మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చే ముందే, మీ ఊళ్లో గ్రూపు ఎక్కడుందో సైకియాట్రిస్టుతో ఆ చీటీ మీదే రాయించుకోండి.

ఆయన రానంటే భార్య వెళ్లవచ్చు. తాగేవారి కుటుంబాల కోసం 1951 నుంచీ అల్-అనాన్ అనే సంస్థ వేరుగా ఉంది. ఎవరైనా వచ్చి వినగలిగే ‘ఓపెన్’ సమావేశాలూ జరుగుతుంటాయి. మొదటి గ్రూపు నచ్చకపోతే ఇంకో గ్రూపు చూడండి, మనుషులను బట్టి వాతావరణం మారుతుంది. దూరమైతే ఆన్‌లైన్ సమావేశాలున్నాయి. గల్ఫ్‌లో, అమెరికాలో ఒంటరిగా ఉన్న మనవాళ్లకూ అదే దారి. మధ్యలో ఒకరోజు తాగినా మర్నాడు అదే కుర్చీలో కూర్చోవచ్చు. ఎన్నోసారి అని అక్కడ ఎవరూ అడగరు.